కార్లు వెళ్ళొచ్చు, మోటారు సైకిళ్ళు పక్కకి!

మన తెలుగువాళ్ళలో మోటారు సైకిలు నడిపేవాళ్ళు ఎంతమంది అని ఇండియాలో అడిగితే నవ్విపోతారు. అక్కడ ఇంటికొక బండి, కొన్ని ఇళ్ళలో మనిషికొక బండి. అదే ప్రశ్న మన అసోసియేషన్ ఉగాది వేడుకల్లో మైకు పట్టుకుని అడిగి చూడండి. ఐదారు వందల మందిలో లేచే చేతులు నాలుగో ఐదో. వాటిలో ఒకటి నాది. మిగిలిన చేతులు కూడా నా స్నేహితులవే. ఆదివారం పొద్దున్న మేం నలుగురం బండ్లు తీస్తే మా ఆవిడ "నడివయసు ముఠా బయల్దేరింది" అంటుంది. ఊళ్ళో తెలిసినవాళ్ళంతా "కారు పాడైందా అండీ?" అని జాలిగా పలకరిస్తారు.

మొన్న వేసవి సెలవులకి కాలేజీ నుంచి ఇంటికొచ్చిన మా అమ్మాయి, తనకీ మోటారు సైకిలు లైసెన్సు కావాలంది. దానికి ఇరవై ఏళ్ళు. మా ఆవిడ నా వైపు చూసిన చూపుని ఇక్కడ వర్ణించను. "ఇదంతా మీ పెంపకమే" అనే మాట మాత్రం మూడు రోజులు మా ఇంట్లో వినిపిస్తూనే ఉంది. ఆ మూడు రోజులూ హెల్మెట్లు, ప్రమాదాలు, ఇన్స్యూరెన్సు గురించి చర్చ నడిచింది. నాలుగో రోజు మా అమ్మాయి ఎక్కడో చదివి వచ్చి ఒక ప్రశ్న వేసింది. "నాన్నా, పోలీసులు కార్లని వదిలేసి ఒక్క మోటారు సైకిళ్ళనే ఆపొచ్చా? అది లీగలేనా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. బండి నడపనివాళ్ళు కూడా చదవండి. ఎందుకో ముందుకెళ్ళేకొద్దీ మీకే తెలుస్తుంది.

మోటారు సైకిళ్ళకి మాత్రమే ప్రత్యేకించిన చెక్‌పాయింట్లు ఈ దేశంలో పెద్దగా వార్తల్లోకి వచ్చింది 2007 నుంచి. మొదలుపెట్టింది మా న్యూయార్క్ రాష్ట్రమే. ఏదైనా మోటారు సైకిళ్ళ సంబరం జరిగే చోటికి వెళ్ళే దారిలో పోలీసులు బోర్డు పెడతారు. కార్లు, ట్రక్కులు మామూలుగా వెళ్ళిపోతాయి. రెండు చక్రాల బండ్లన్నీ పక్కకి రావాలి. తాగారా, వేగంగా వచ్చారా అన్న అనుమానంతో పని లేదు. బండి ఎక్కి ఉంటే చాలు.

2008 వేసవిలో మేం నలుగురం లేక్ జార్జి వైపు వెళ్తూ అలాంటి దాంట్లో పడ్డాం. అది ఏ విభాగం పోలీసులన్నది ఇక్కడ అనవసరం, వాళ్ళు మాతో మర్యాదగానే ఉన్నారు. హైవే పక్కన విశ్రాంతి స్థలంలో పాతిక ముప్ఫై బండ్లు వరసగా నిలబడ్డాయి. లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్స్యూరెన్సు కార్డు చూశారు. ఇన్‌స్పెక్షన్ స్టిక్కరు చూశారు. టార్చిలైటు వేసి బండి మెడ దగ్గర చెక్కిన నంబరు కాయితాల్లోదానితో సరిపోయిందో లేదో చూశారు. సైలెన్సరు మార్పించామేమో చూశారు. హెల్మెట్ వెనక్కి తిప్పి, ప్రభుత్వ ప్రమాణాలకి సరిపోయినట్టు చెప్పే 'డాట్' స్టిక్కరు ఉందో లేదో చూశారు. అంతా కలిపి మా వంతు వచ్చి అయ్యేసరికి ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాలూ నేను హైవే వైపే చూస్తూ నిలబడ్డాను. ఒకాయన మోకాళ్ళతో స్టీరింగ్ పట్టుకుని బర్గరు తింటూ వెళ్ళాడు. ఒకావిడ ఫోన్లో టెక్స్టు కొట్టుకుంటూ వెళ్ళింది. వాళ్ళనెవరూ ఆపలేదు. నా పక్కన నిలబడ్డ తెల్లగడ్డం పెద్దాయన, వియత్నాం యుద్ధంలో పనిచేసినట్టు జాకెట్టు మీద గుర్తులున్నాయి, నా వైపు తిరిగి నవ్వి, "ఈ రోజు మన రంగులు వేరైనా మన ఇద్దరి కేసూ ఒకటే" అన్నాడు. 2001 తర్వాత ఎయిర్‌పోర్టుల్లో పక్కకి పిలిపించుకున్న అనుభవం మనలో చాలామందికి ఉంది. మనం చేసిన పనిని బట్టి కాకుండా మనం కనిపించే తీరుని బట్టి ఆపితే ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆయనకి మాత్రం అది కొత్త అనుభవంలా ఉంది.

అయితే పోలీసుల వైపు వాదన కూడా తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. మా అమ్మాయికి ముందు అదే చెప్పాను. అమెరికాలో రిజిస్టరైన వాహనాల్లో మోటారు సైకిళ్ళు నూటికి మూడే. రోడ్డు ప్రమాదాల్లో పోయేవాళ్ళలో మాత్రం మోటారు సైకిలు వాళ్ళు నూటికి పదిహేను మంది. 2023లో 6,335 మంది పోయారు. మైలుకి మైలు లెక్కవేస్తే కారులో కూర్చున్నవాడి కంటే బండి మీదున్నవాడు చనిపోయే అవకాశం ఇరవై రెట్లకు పైనే. చనిపోయిన మోటారు సైకిలిస్టుల్లో నాలుగో వంతుకు పైగా తాగి నడిపినవాళ్ళు. ఈ లెక్కలు చూసిన ఏ అధికారికైనా ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది. మా ఆవిడకీ అనిపించింది. నా బండి తాళాలు రెండు రోజులు కనిపించలేదు.

కానీ ప్రమాదం ఎలా జరుగుతుందన్నది ఇంకో ప్రశ్న. 1981లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ అనే ఆయన లాస్ ఏంజెల్స్ ప్రాంతంలో జరిగిన దాదాపు తొమ్మిది వందల మోటారు సైకిలు ప్రమాదాలని ఒక్కొక్కటిగా పరిశీలించి ఒక నివేదిక ఇచ్చారు. బండి నడిపేవాళ్ళందరికీ ఇప్పటికీ అది భగవద్గీత లాంటిది. మోటారు సైకిలూ మరో వాహనమూ గుద్దుకున్న ప్రమాదాల్లో మూడింట రెండు వంతులు, మోటారు సైకిలుకి ఇవ్వాల్సిన దారి అవతలి డ్రైవరు ఇవ్వకపోవడం వల్ల జరిగాయని ఆయన తేల్చారు. ఎడమకి తిరిగే కారు డ్రైవరు ఎదురుగా వస్తున్న బండిని అసలు చూడనే చూడడు. గుద్దాక దిగి, "నాకు కనిపించలేదు" అంటాడు. అబద్ధం కూడా కాదు పాపం, నిజంగానే కనిపించదు. మరి బండ్లని మాత్రమే పక్కకి ఆపి స్టిక్కర్లు చూస్తే, ఆ కారాయన ఎక్కడ దొరుకుతాడు?

దీనికీ చట్టానికీ సంబంధం ఏమిటంటే, ఇక్కడి రాజ్యాంగం నాలుగో సవరణ ప్రకారం కారణం లేకుండా పోలీసులు మనిషిని ఆపకూడదు. పిల్లలూ, ఇది మీ సివిక్స్ పాఠంలో ఉండే ఉంటుంది. 1979లో డెలావేర్ రాష్ట్రం నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు, లైసెన్సు చూడాలన్న సాకుతో తోచిన కారుని తోచినట్టు ఆపడం చెల్లదంది. 1990లో మిషిగన్ కేసులో మాత్రం తాగి నడిపేవాళ్ళని పట్టుకునే చెక్‌పాయింట్లు పెట్టొచ్చంది. అందరినీ ఒక పద్ధతి ప్రకారం ఆపుతున్నారు, ఆపేది కాసేపే, లక్ష్యం రోడ్డు భద్రత, కాబట్టి సరే అంది. ఆ కేసులో చెక్‌పాయింటు దాటిన వాహనాలు 126, ఒక్కొక్కటి ఆగింది సగటున 25 సెకండ్లు. మా ఇరవై నిమిషాలతో పోల్చుకోండి. 2000లో ఇండియానాపోలిస్ కేసు వచ్చింది. అక్కడ చెక్‌పాయింట్లు పెట్టింది మాదకద్రవ్యాలు పట్టుకోవడానికి. అది మామూలు నేర పరిశోధన, దానికోసం అందరినీ ఆపడం కుదరదని కోర్టు కొట్టేసింది.

తమాషా ఏమిటంటే, మిషిగన్ చెక్‌పాయింట్లకి దేశపు సుప్రీంకోర్టు పచ్చజెండా ఊపితే, 1993లో మిషిగన్ సొంత సుప్రీంకోర్టు, మా రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఇక్కడ చెల్లవంది. పెళ్ళివారంతా ఒప్పుకున్నాక పెళ్ళికూతురు కాదన్నట్టు.

మోటారు సైకిలు చెక్‌పాయింట్ల మీద న్యూయార్క్‌లో కొందరు కోర్టుకెక్కారు. 2011లో ఫెడరల్ జిల్లా కోర్టు పోలీసుల పక్షానే తీర్పు చెప్పింది. ప్రధాన ఉద్దేశం రోడ్డు భద్రతే కాబట్టి రాజ్యాంగానికి విరుద్ధం కాదంది. అంటే మా అమ్మాయి ప్రశ్నకి న్యూయార్క్ కోర్టు మాట ప్రకారం జవాబు 'అవును, ఆపొచ్చు'. అది విని మా అమ్మాయి మొహం ముడుచుకుంది. కోర్టులో ఓడిపోతే ఆ విషయం అంతటితో అయిపోయినట్టేనా అంది.

అయిపోలేదు. కథలో నాకు బాగా నచ్చిన భాగం ఇక్కడే మొదలవుతుంది. అమెరికన్ మోటారు సైకిలిస్టు అసోసియేషన్ అని ఒకటుంది. ఏ.ఎం.ఏ. అంటారు. మన డాక్టరు మిత్రులు కంగారు పడకండి, అది మీ సంఘం కాదు. ఒహాయోలో ఉంటుంది, 1924 నుంచి ఉంది. కోర్టుల దారి వదలకుండానే వీళ్ళు చట్టసభల దారి పట్టారు. అప్పటికి ఇంకో సంగతి బయటపడింది. ఫెడరల్ ప్రభుత్వపు రోడ్డు భద్రతా సంస్థ ఈ చెక్‌పాయింట్ల కోసం జార్జియా రాష్ట్రానికి 70,000 డాలర్లు గ్రాంటు ఇచ్చింది. 2011 మార్చిలో ఫ్లోరిడాలోని డేటోనా బీచిలో ఏటా జరిగే మోటారు సైకిళ్ళ వారోత్సవానికి దేశం నలుమూలల నుంచీ వెళ్ళేవాళ్ళని జార్జియాలో దారికాసి ఆపారు. పన్ను కట్టేది మేమే, ఆ డబ్బుతో ఆపేది మమ్మల్నే అని బండ్లవాళ్ళకి ఒళ్ళు మండింది. అదే ఏడాది విస్కాన్సిన్ ప్రతినిధి జిమ్ సెన్సెన్‌బ్రెనర్, ఈ చెక్‌పాయింట్లకి కేంద్రం డబ్బు ఇవ్వకూడదని బిల్లు పెట్టారు. విస్కాన్సిన్ హార్లీ డేవిడ్సన్ పుట్టిల్లు కాబట్టి, ఆయన బాధ అర్థం చేసుకోవచ్చు.

బిల్లు వెంటనే గట్టెక్కలేదు. ఈలోగా రాష్ట్రాలు కదిలాయి. వర్జీనియా, న్యూహాంప్‌షైర్, నార్త్ కరోలినా లాంటి చోట్ల మోటారు సైకిళ్ళకి మాత్రమే ప్రత్యేకించిన తనిఖీలు కూడదని చట్టాలు వచ్చాయి. కాలిఫోర్నియాలో 2012లో గవర్నరు జెర్రీ బ్రౌన్ సంతకం పెట్టారు, 2013 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందరు డ్రైవర్లకీ పెట్టే తాగుడు తనిఖీలు అక్కడ అలాగే ఉన్నాయి, బండ్లని విడదీసి ఆపడం మాత్రమే పోయింది. చివరికి 2015 డిసెంబరులో అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన రవాణా చట్టంలో, హెల్మెట్లు తనిఖీ చెయ్యడానికీ మోటారు సైకిళ్ళకి చెక్‌పాయింట్లు పెట్టడానికీ ఫెడరల్ గ్రాంట్లు వాడకూడదన్న సెక్షను చేరింది. రాష్ట్రం తన సొంత డబ్బుతో, తన చట్టం అడ్డురాకపోతే, పెట్టుకోవచ్చు. కానీ పైనుంచి వచ్చే డబ్బు ఆగింది.

ఇదంతా చేసింది వారాంతంలో బండి తుడుచుకునే మామూలు మనుషులు. ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు, శాసనసభ్యుల ఆఫీసులకి హెల్మెట్లు చంకలో పెట్టుకుని వెళ్ళారు. నేనూ రెండు ఉత్తరాలు రాశాను. మనవాళ్ళం వీసాల గురించి తప్ప దేనికీ ఉత్తరం రాయం. సిటిజన్లమయ్యాక కూడా ఎందుకొచ్చిన గొడవ అనుకుంటాం. మనకి ఏ గొడవైనా ముందు ఎదుటివాడి గొడవలాగే కనిపిస్తుంది.

ఇక ఇండియా మాట. ఇక్కడ బండివాడు నూటికి ముగ్గురిలో ఒకడు కాబట్టి ఒంటరివాడయ్యాడు. అక్కడ రోడ్డంతా బండ్లే. అయినా పోలీసు చెయ్యి ముందు ఎత్తేది బండి కోసమే. హైదరాబాదు వెళ్ళినప్పుడు మీరూ చూసే ఉంటారు. సిగ్నలు దాటగానే చెట్టు నీడన ఇద్దరు ముగ్గురు నిలబడి ఉంటారు. "బండి సైడుకి పెట్టు" అంటారు. లైసెన్సు, ఆర్.సి., ఇన్స్యూరెన్సు, పొల్యూషన్ కాయితం, హెల్మెట్. పాత చలానాలు ఎన్ని ఉన్నాయో చేతిలో మిషను చూసి చెప్తారు. ఆ వెనకే నల్లటి అద్దాల పెద్ద కారు సాఫీగా వెళ్ళిపోతుంది. కారు ఆపితే లోపల ఎవరుంటారో ఏమో! బండి మీద ఎవరున్నారో మాత్రం దూరం నుంచే తెలిసిపోతుంది. పాల ప్యాకెట్లవాడో, ట్యూషనుకి వెళ్ళే కుర్రాడో, వెనక భార్య, ముందు పిల్లతో ఆఫీసు గుమాస్తానో. ఈ మాట అంటే అక్కడి పోలీసు స్నేహితుడొకడు నాతో వాదించాడు. "రోజుకి వంద బండ్లు ఆపకపోతే సాయంత్రానికి ఎన్ని తలలు పగులుతాయో నువ్వు మార్చురీకి వచ్చి చూడు" అన్నాడు.

అతనన్నదీ నిజమే. 2022లో భారతదేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో నూటికి నలభై నాలుగు మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్ళేవాళ్ళే. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు యాభై వేల పైచిలుకు. ఆ లెక్క ముందు నా వాదన కొంచెం చిన్నబోయింది. అక్కడ హెల్మెట్ తనిఖీ చెయ్యొద్దని నేను అనలేను, అనను కూడా.

చలానాల సంగతి మాత్రం వేరు. కెమెరాతో ఫోటో తీసి ఇంటికి చలానా పంపే పద్ధతి వచ్చాక, కట్టని చలానాలు గుట్టలుగా పేరుకుపోయాయి. తెలంగాణలో 2022 మార్చిలో బండ్లకి పావు వంతు కడితే చాలన్నారు. 2023 డిసెంబరులో మళ్ళీ, ఐదో వంతు కడితే చాలన్నారు. దసరా తగ్గింపు ధరల్లా. కట్టినవాడు అమాయకుడు, కట్టకుండా ఆగినవాడు తెలివైనవాడు అయ్యాడు. ప్రాణం కోసం వేసిన జరిమానా అయితే బేరం ఉండకూడదు కదా?

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. మా బాబాయి కొడుకు, నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, మా జిల్లాలోనే మెడికల్ రిప్రజెంటేటివుగా పనిచేసేవాడు. రోజంతా బండి మీదే తిరుగుడు. 2014లో ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తున్నాడు. హెల్మెట్ ఇంట్లోనే ఉండిపోయింది. ఎండ అని పొద్దున్న పెట్టుకోలేదు. మలుపు తిరగ్గానే ఎదురుగా చెకింగు. అప్పట్లో హెల్మెట్ లేనందుకు జరిమానా వంద రూపాయలు. వాడి జేబులో అంతకంటే ఎక్కువే ఉంది. అయినా ఆ క్షణాన మనిషికి తోచేది తప్పించుకోవడమే. బండి గిర్రున వెనక్కి తిప్పి, వచ్చిన వైపే ఎదురు దారిలో వెళ్ళాడు. అటునుంచి లోడుతో వస్తున్న ట్రాలీ ఆటో వచ్చి గుద్దింది. తల నిలబడింది, అదే అదృష్టం. కుడికాలు మూడు చోట్ల విరిగింది. రాడ్లు వేశారు, మళ్ళీ తీశారు, మళ్ళీ వేశారు. ఆ ఉద్యోగం పోయింది.

మా పిన్ని ఇప్పటికీ ఒక్కటే మాట అంటుంది. "ఆ రోజు వాళ్ళు అక్కడ లేకపోతే నా కొడుకు అన్నం తినడానికి ఇంటికొచ్చేవాడురా." బాబాయి మాత్రం, "వాడు టోపీ పెట్టుకుని ఉంటే వాళ్ళు ఉన్నా ఇంటికొచ్చేవాడు" అంటాడు. పదేళ్ళు దాటినా వాళ్ళిద్దరి మధ్య ఆ వాదన తేలలేదు. నన్ను మధ్యవర్తిగా ఫోన్లో కూర్చోబెట్టాలని ఇద్దరూ చూస్తారు. నేను ఫోను మా ఆవిడకి ఇచ్చేస్తాను.

నాకైతే ఇది తలుచుకున్నప్పుడల్లా 1987 నాటి కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు ఒకటి గుర్తొస్తుంది. తాగి నడిపేవాళ్ళ చెక్‌పాయింట్లు ఎలా ఉండాలో అందులో వివరంగా రాశారు. ఎక్కడ పెట్టాలన్నది రోడ్డు మీదున్న కానిస్టేబులు ఇష్టం కాదు, పై అధికారులు నిర్ణయించాలి. ఎవరిని ఆపాలన్నది ఎవరి మొహమో చూసి కాదు, ముందే పెట్టుకున్న లెక్క ప్రకారం జరగాలి. దూరం నుంచే కనిపించేలా లైట్లు, బోర్డులు ఉండాలి. ఫలానా రోజు తనిఖీ ఉందని ముందే ప్రచారం చెయ్యాలి. వీటన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరచిన సంగతి ఇంకొకటుంది. ఆ చెక్‌పాయింట్లలో బోర్డు ఎంత ముందు పెట్టారంటే, వద్దనుకున్న డ్రైవరు పక్క దారి పట్టి వెళ్ళిపోవచ్చు. అలా వెళ్ళిపోయినంత మాత్రాన ఎవరినీ ఆపకూడదని పోలీసులకి చెప్పి ఉంచారు.

మొదటిసారి చదివినప్పుడు, ఇదేం తనిఖీ, దొంగకి ముందే కబురు పెట్టినట్టు అనిపించింది. తర్వాత మా తమ్ముడి కాలు గుర్తొచ్చింది. మలుపు చాటున నిలబడి చటుక్కున ఎదురుపడే తనిఖీ, మనిషిని ఆలోచించనివ్వదు. ఆ మలుపుకి రెండు ఫర్లాంగుల ముందు ఒక బోర్డు ఉండి ఉంటే వాడు మెల్లిగా ఏ పక్క సందులోకో తిరిగేవాడు. వంద రూపాయలు ప్రభుత్వానికి తగ్గేవి. పట్టుకోవడం కోసం పెట్టే తనిఖీ దాక్కుంటుంది. ప్రమాదం తప్పించడం కోసం పెట్టేది అందరికీ కనపడాలి. బండి రెండు చక్రాల మీద నిలబడే వస్తువు. కారు ముందుకి చెయ్యి అడ్డం పెడితే కారు ఆగుతుంది, బండి ముందుకి పెడితే బండి జారుతుంది. కుర్రాళ్ళని వెంటపడి పట్టుకోబోయిన సందర్భాల్లో ఏం జరుగుతుందో మన పేపర్లు చదివేవాళ్ళకి కొత్త కాదు.

మా అమ్మాయి ఇదంతా విని, "అంటే న్యూయార్క్ పద్ధతి తప్పు, ఇండియా పద్ధతి ఇంకా తప్పు, కాలిఫోర్నియా పద్ధతి రైటు, అంతేనా?" అంది. పరీక్షలో జవాబులాగా ఒక్క లైనులో కావాలి ఈ పిల్లలకి. "హెల్మెట్ మాత్రం అన్ని చోట్లా రైటు" అన్నాను. ఇల్లినాయి, అయోవా, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాల్లో పెద్దవాళ్ళకి హెల్మెట్ చట్టమే లేదు. పదిహేడు రాష్ట్రాల్లోనూ రాజధాని వాషింగ్టన్‌లోనూ అందరికీ తప్పనిసరి, న్యూయార్క్ అందులో ఒకటి. చట్టం ఉన్నా లేకపోయినా, ప్రాణం పోయే ప్రమాదాల్లో హెల్మెట్ పెట్టుకున్న చోదకుల్లో నూటికి ముప్ఫై ఏడు మంది బతికి బయటపడతారని ఇక్కడి ప్రభుత్వ లెక్క.

పండగలకి ఇండియా వెళ్ళే కుటుంబాలకి ఒక మాట. మనవాళ్ళు దిగిన మర్నాడే బావమరిది యాక్టివా తీసుకుని కూరగాయలకి బయల్దేరతారు. చిన్నప్పుడు నడిపాం కదా అని ధీమా. ఇక్కడి నుంచి తీసుకెళ్ళే అంతర్జాతీయ డ్రైవింగు పర్మిట్‌లో వాహనాల తరగతులు విడివిడిగా ఉంటాయి. మోటారు సైకిలు తరగతికి ముద్ర పడాలంటే మీ అమెరికా లైసెన్సులో మోటారు సైకిలు అర్హత ఉండాలి. కారు లైసెన్సు మీద తెచ్చుకున్న పర్మిట్‌తో స్కూటరు నడిపితే, తనిఖీలో చలానా సంగతి అలా ఉంచండి, ఏదైనా జరిగితే ఇన్స్యూరెన్సువాళ్ళు చేతులెత్తేస్తారు. అక్కడి చట్టం ప్రకారం వెనక కూర్చున్నవాళ్ళకీ హెల్మెట్ ఉండాలి. 2019 సవరణ తర్వాత జరిమానా వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్సు రద్దు కూడా చెయ్యొచ్చు. లైసెన్సు చూపించమనే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసుకి ఉంది. అక్కడి లైసెన్సు, ఆర్.సి. ఉన్నవాళ్ళు డిజిలాకర్‌లో చూపించినా చెల్లుతుంది, 2018లోనే నిబంధన మార్చారు.

ఇక్కడ మిమ్మల్ని బండి మీద ఆపితే ఇంజను ఆపి, చేతులు హ్యాండిలు మీద కనిపించేలా ఉంచండి. జేబులోకి చెయ్యి పెట్టేముందు చెప్పి పెట్టండి. హెల్మెట్ తియ్యమంటే అప్పుడు తియ్యండి. వాదన ఉంటే కోర్టులో, రోడ్డు పక్కన కాదు. ఈ వాక్యం మా అమ్మాయి చేత మూడుసార్లు అనిపించాను.

వచ్చే వేసవికి అది మోటారు సైకిలు శిక్షణ కోర్సులో చేరుతోంది. ఆ కోర్సు పాసైతే న్యూయార్క్‌లో రోడ్డు టెస్టు ఇవ్వక్కర్లేదు. ఆ సదుపాయం కోసం కాదు, ఖాళీ స్థలంలో శంకువుల మధ్య రెండు రోజులు పడుతూ లేస్తూ నేర్చుకుంటుందని నేనే ఒప్పుకున్నాను. మా ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ ఫీజు కట్టడానికి క్రెడిట్ కార్డు తనే ఇచ్చింది. పిన్నికి ఈ సంగతి ఎవరో చేరేశారు. మొన్న ఆదివారం ఫోను చేసి, బాబాయిని కూడా లైన్లోకి పిలిచి, "పిల్లకి టోపీ కొన్నావా?" అని అడిగింది. కొన్నానన్నాను. వెనక స్టిక్కరు ఉందో లేదో చూశావా అని మా తమ్ముడు పక్కనుంచి అడిగాడు.